కారు ఏసీ చల్లగా రావడం లేదా? గ్యాస్ ఎక్కించే ముందు ఇవి చూసుకోండి

ఏసీ చల్లగా రావడం లేదని ఎవరితో అన్నా మొదట వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయి ఉంటుంది, ఎక్కించుకో." తికమకంతా ఆ "అయిపోవడం" దగ్గరే ఉంది. పెట్రోలు మండుతుంది కాబట్టి అయిపోతుంది. ఏసీ గ్యాస్ మండదు, ఖర్చవదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి, సీళ్లలోంచి ఏడాదికి కొన్ని గ్రాములు జారిపోవడం మామూలే. కానీ పోయిన ఏడాది ఎక్కించిన గ్యాస్ ఈ ఏడాదికి లేదంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు వెతకకుండా మళ్లీ ఎక్కించడం చిల్లు బిందెలో నీళ్లు పోయడమే.

పైగా గ్యాస్‌తో ఏ సంబంధమూ లేని కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో సగం మీరు ఇంటి దగ్గరే, ఏ పనిముట్టూ లేకుండా పట్టుకోవచ్చు. అందుకే ఇక్కడ తేలికైనవి ముందు, ఖర్చు పెట్టించేవి తర్వాత చెబుతున్నాను. ఇదే వరసలో చూడండి.

ఏసీ ఏం చేస్తుందో రెండు నిమిషాల్లో

ఇంజెక్షన్ ఇచ్చే ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది కదా. స్పిరిట్ ఆవిరవుతూ చర్మం నుంచి వేడి లాక్కుంటుంది. కారు ఏసీలో జరిగేదీ ఇదే. డ్యాష్‌బోర్డ్ లోపల కూలింగ్ కాయిల్ ఉంటుంది. అందులోకి గ్యాస్ ద్రవంగా వచ్చి, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడంతో ఆవిరైపోతుంది. అప్పుడు కాయిల్ చల్లబడుతుంది, బ్లోయర్ దాని మీదుగా గాలి తోస్తుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా కనిపించే ఆర్-134ఏ అనే గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. కొత్త కార్లలో వస్తున్న ఆర్-1234వైఎఫ్ ఇంకాస్త తక్కువకే మరుగుతుంది.

ఆ ఆవిరిని కంప్రెసర్ లాక్కుని గట్టిగా నొక్కుతుంది. నొక్కగానే అది బాగా వేడెక్కి, కారు ముందు రేడియేటర్‌కి ఆనుకుని ఉండే కండెన్సర్‌లోకి వెళ్తుంది. అక్కడ వేడిని బయటి గాలికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. డ్రయ్యర్ బాటిల్‌లో తేమ వదిలించుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని సందులోంచి దూరి మళ్లీ కూలింగ్ కాయిల్‌కి చేరుతుంది. అంటే కారు లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోయడమే దీని పని. లోపల వేడి ఎత్తుకోలేకపోయినా, బయట పారబోయలేకపోయినా, మధ్యలో మోసుకెళ్లడం ఆగినా మీకు తెలిసేది ఒక్కటే: చల్లగా రావడం లేదు. కాబట్టి ఈ మూడింట్లో ఏది ఆగిందో తేల్చుకోవాలి.

బానెట్ ఎత్తే ముందు

ఇంజిన్ నడుస్తున్నప్పుడు బెల్టు, ఫ్యాను దగ్గర చేతులు, చున్నీ, వేలాడే వైరు ఏదీ ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా తిరగడం మొదలుపెట్టొచ్చు. ఏసీ గొట్టాల బిగింపులు ఏవీ విప్పకండి. లోపల ఒత్తిడిలో ఉన్న ద్రవం బయటికి చిమ్మితే చర్మం గడ్డకట్టి కాలినట్టు అవుతుంది. కంట్లో పడితే చూపు మీదికి వస్తుంది.

మీది హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారయితే బానెట్ కింద నారింజ రంగు వైర్ల జోలికి అసలు పోవద్దు. అవి వందల వోల్టుల వైర్లు. ఆ కార్లలో చాలావాటిలో కంప్రెసర్ కూడా ఆ కరెంటు మీదే నడుస్తుంది. కాబట్టి కింద చెప్పేవాటిలో ఫిల్టర్, కండెన్సర్ దుమ్ము వరకు మీరు చూసుకుని మిగతాది తెలిసినవాళ్లకు వదిలేయండి.

మొదట రోగ లక్షణం రాసుకోండి

"ఏసీ పనిచేయట్లేదు" అంటే ఏ మెకానిక్‌కీ ఏమీ చెప్పనట్టే. జ్వరం అని కాకుండా పొద్దున ఎంత, రాత్రి ఎంత అని చెబితే డాక్టర్ పని తేలికవుతుంది. ఇదీ అలాగే. ఒకటి రెండు రోజులు గమనించండి.

వెంట్లలోంచి గాలే తక్కువ వస్తోందా? గాలి జోరుగానే ఉండి చల్లదనం లేదా? రోడ్డు మీద వేగంగా పోతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతోందా? బయల్దేరిన అరగంట బాగుండి తర్వాత తగ్గుతోందా? డ్రైవర్ వైపు చల్లగా, పక్క సీటు వైపు వెచ్చగా ఉందా? నెలల తరబడి నెమ్మదిగా తగ్గిందా, నిన్నటి దాకా బాగుండి ఇవాళ ఒక్కసారిగా పోయిందా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. నెమ్మదిగా తగ్గితే లీకు, దుమ్ము. ఒక్కసారిగా పోతే ఎక్కువగా కరెంటు వైపు సమస్య, లేదా గొట్టానికి గట్టి దెబ్బ.

మాటలతో పాటు ఒక అంకె కూడా ఉంటే ఇంకా మంచిది. చిన్న థర్మామీటర్ తెచ్చి మధ్య వెంట్‌లో దూర్చండి. కారు నీడలో పెట్టండి. ముందు తలుపులన్నీ తెరిచి లోపలి వేడి పోనివ్వండి. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీల దాకా వెళ్లగలదు, ఆ వేడి మీద ఏసీని పరీక్షిస్తే ఏమీ తేలదు. తర్వాత తలుపులు మూసి, ఏసీ ఆన్ చేసి, చలి చివరికంటా తిప్పి, లోపలి గాలే తిరిగే మోడ్ పెట్టి, బ్లోయర్ మధ్యస్థం కంటే పైన ఉంచి, ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు నడవనివ్వండి. వెంట్ దగ్గర అంకె బయటి ఎండ కంటే 15 నుంచి 20 డిగ్రీలు తక్కువుంటే ఏసీ ఆరోగ్యంగానే ఉన్నట్టు. గాలిలో ఉక్క ఎక్కువుంటే ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. ఆ అంకెను తేదీతో సహా రాసి పెట్టుకోండి. రిపేరు అయ్యాక మళ్లీ పనికొస్తుంది.

గాలే తక్కువగా వస్తుంటే

ఇక్కడ దోషి ఎక్కువసార్లు క్యాబిన్ ఫిల్టరే. చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. గ్లవ్ బాక్స్‌ను రెండు పక్కలా లోపలికి నొక్కి కిందికి దించితే సన్నని ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, దాన్ని లాగితే ఫిల్టర్ బయటికొస్తుంది. ఎండుటాకులు, వెంట్రుకలు, పురుగుల రెక్కలు, ఒక్కోసారి ఎలుక గూడు కూడా దర్శనమిస్తాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. వెలుగు కనిపించకపోతే మార్చేయండి. దులిపి మళ్లీ పెట్టడం ఒకటి రెండు రోజుల ముచ్చటే. పరీక్ష కోసం ఫిల్టర్ లేకుండా ఐదు నిమిషాలు బ్లోయర్ నడిపి చూడండి. గాలి ఒక్కసారిగా పెరిగితే సంగతి తేలిపోయినట్టే. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం గుర్తు గాలి పోయే దిక్కుకే ఉండాలి.

ఫిల్టర్ శుభ్రంగా ఉండి కూడా బ్లోయర్ ఒకే ఒక్క వేగంలో తిరుగుతుంటే, అందులోనూ చివరి నంబరులో మాత్రమే తిరుగుతుంటే, బ్లోయర్ రెసిస్టర్ కాలిపోయినట్టు. ఇది చిన్న పార్టే.

మొదట గాలి జోరుగా, చల్లగా వచ్చి, అరగంటకో గంటకో గాలి పలచబడిపోతే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందని అనుమానించాలి. కాయిల్ రెక్కల మధ్య మంచు పేరుకుంటే గాలికి దారి ఉండదు. దీన్ని తేల్చడం తేలిక: ఏసీ బటన్ ఆపేసి బ్లోయర్ మాత్రం పావుగంట నడవనివ్వండి. కారు కింద మామూలు కంటే ఎక్కువగా నీళ్లు కారి, మళ్లీ ఏసీ వేయగానే గాలి జోరందుకుంటే అది మంచే. కాయిల్ చల్లదనం చూసే సెన్సర్ పోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం, గ్యాస్ తగ్గడం, ఈ మూడూ దీనికి మామూలు కారణాలు.

కారు కింద నీళ్లు కారడం గురించి చాలామందికి టెన్షన్. అది మంచి లక్షణమే, గాలిలోని తేమ కాయిల్ మీద నీరై బయటికి పోతోంది. ఆ నీళ్లు బయటికి రాకుండా ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంటే నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయిందని అర్థం. ఆ తడి జిడ్డుగా, తీపి వాసనతో ఉంటే మాత్రం అది ఏసీ నీళ్లు కావు, హీటర్ నుంచి కారే కూలెంట్.

గాలి బాగుంది, చల్లదనం లేదు: ముందు హీటర్‌ని అనుమానించండి

ఇది చాలామందికి తట్టని విషయం. డ్యాష్‌బోర్డ్ లోపల కూలింగ్ కాయిల్ పక్కనే హీటర్ కాయిల్ ఉంటుంది. అందులో ఇంజిన్ వేడి నీళ్లు తిరుగుతాయి. గాలిలో ఎంత భాగం హీటర్ మీదుగా పోవాలో మధ్యలో ఒక ప్లాస్టిక్ తలుపు నిర్ణయిస్తుంది. మీరు చలి–వేడి నాబ్ తిప్పినప్పుడు కదిలేది అదే. ఆ తలుపు సగంలో ఇరుక్కుపోయిందనుకోండి, ఏసీ తన పని తాను బ్రహ్మాండంగా చేస్తుంటుంది, హీటర్ దాన్ని పాడు చేస్తుంటుంది.

కనిపెట్టడానికి మూడు చిట్కాలు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే ఏసీ వేయండి. మొదటి ఐదు నిమిషాలు చల్లగా వచ్చి, ఇంజిన్ వేడెక్కే కొద్దీ గాలి వెచ్చబడితే వేడి కలుస్తోందన్నమాట. రెండోది, నాబ్‌ను వేడి నుంచి చలికి, చలి నుంచి వేడికి నెమ్మదిగా తిప్పుతూ డ్యాష్‌బోర్డ్‌కి చెవి పెట్టండి. టిక్ టిక్ టిక్ మని పళ్లు జారిన చప్పుడు వస్తే ఆ తలుపును తిప్పే చిన్న మోటార్ గేరు అరిగింది. రెండు వైపులా వేర్వేరు చలి పెట్టుకునే కార్లలో ఒక వైపే వెచ్చగా వస్తే ముందు చూడాల్సింది కూడా ఈ మోటార్నే. మూడోది, బానెట్ కింద పైపులు పట్టుకుని చూడటం. దాని సంగతి కాసేపట్లో.

లోపలి గాలి తిరిగే బటన్‌ని కూడా ఓసారి చూడండి. అది నొక్కగానే బ్లోయర్ చప్పుడు మారి కాస్త గట్టిగా వినిపించాలి. ఏ మార్పూ లేకపోతే ఆ తలుపు కదలడం లేదు, ఏసీ ఎంతసేపూ బయటి వేడిగాలితోనే కుస్తీ పడుతోంది.

ఇప్పుడు బానెట్ ఎత్తండి

ఇంజిన్ నడుస్తుండగా దూరంగా నిలబడి కంప్రెసర్ ముందు భాగం చూడండి. బెల్టుతో తిరిగే పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. దాని మధ్యలో ఉన్న గుండ్రటి పలకను గమనించాలి. లోపల ఎవరైనా ఏసీ బటన్ నొక్కగానే "టక్" మన్న చప్పుడుతో ఆ పలక పుల్లీకి అతుక్కుని కలిసి తిరగాలి. అదే క్లచ్. కొన్ని కార్లలో క్లచ్ ఉండదు, కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూ లోపలి వాల్వ్‌తో పని పెంచి తగ్గిస్తుంది. అలాంటిది చూసి "తిరుగుతోంది కాబట్టి బాగానే ఉంది" అనుకుంటే మోసపోతారు.

క్లచ్ అతుక్కుని, రెండు మూడు సెకన్లకే విడిపోయి, మళ్లీ అతుక్కుని, ఇలా గబగబా కొట్టుకుంటుంటే గ్యాస్ తక్కువని చాలా వరకు నమ్మొచ్చు. ఒత్తిడి పడిపోగానే కంప్రెసర్ పాడవకుండా స్విచ్ ఆపేస్తోంది.

పొద్దున బాగా పనిచేసి, మధ్యాహ్నం ఇంజిన్ బాగా వేడెక్కాక క్లచ్ అతుక్కోవడం మానేస్తే గ్యాస్ మీదికి పోకండి. క్లచ్ పలక అరిగే కొద్దీ దానికీ పుల్లీకీ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందు ఉండాల్సింది అర మిల్లీమీటర్ అటూ ఇటూ మాత్రమే. వేడెక్కిన క్లచ్ కాయిల్‌లో కరెంటు తగ్గి, పలకను లాగే అయస్కాంతం బలహీనపడుతుంది. అంత దూరం నుంచి పలకను లాక్కోలేదు. చాలా కంప్రెసర్లలో లోపలున్న పలచని వాషర్ ఒకటి తీసేస్తే సందు సరిపోతుంది. ఈ చిన్న సంగతి తెలియక మొత్తం కంప్రెసర్ మార్పించుకున్నవాళ్లను చూశాను.

క్లచ్ అసలు కదలకపోతే కరెంటు వైపు వెళ్లాలి. ఫ్యూజు పెట్టె మూత మీద బొమ్మ ఉంటుంది, అందులో ఏసీ ఫ్యూజు, ఏసీ రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) ఎక్కడున్నాయో చూసుకోండి. ఫ్యూజు తెగిందో లేదో కంటికే కనిపిస్తుంది. రిలేకి సులువైన పరీక్ష ఉంది. హారన్‌ది చాలా కార్లలో అదే నంబరు రిలే అయి ఉంటుంది. ఇంజిన్ ఆపి రెండూ అటూ ఇటూ మార్చండి. ఏసీ పనిచేసి హారన్ మూగబోతే సరిపోయింది, కొత్త రిలే కొనుక్కోవడమే. కొత్త ఫ్యూజు కూడా వెంటనే తెగితే మాత్రం మళ్లీ మళ్లీ వేయకండి, పెద్దది అసలే వేయకండి. ఎక్కడో షార్ట్ ఉంది.

ఇక నా సంగతి. ముందు బంపర్ రిపేరు చేయించిన వారంలో నా కారు ఏసీ ఒక్కసారిగా పోయింది. చూపిస్తే, ఉన్న గ్యాస్ తీసేసి కొత్తగా ఎక్కించారు. పది నిమిషాలు కూడా చల్లగా రాలేదు. ఇంటికి తిరిగొస్తూ డ్యాష్‌బోర్డ్ వైపు చూస్తే బయటి ఉష్ణోగ్రత దగ్గర మైనస్ 40 అని ఉంది. నేనేమో చెమటలు కక్కుతున్నాను. బంపర్ వెనక గ్రిల్ దగ్గర అగ్గిపెట్టె అంత కూడా లేని ఒక సెన్సర్ ఉంటుంది, బయటి వేడి కొలవడానికి. బంపర్ బిగించినవాళ్లు దాని ప్లగ్గు పెట్టడం మరిచిపోయారు. వైరు తెగినట్టు కనిపిస్తే కంప్యూటర్ దాన్ని గడ్డకట్టే చలిగా లెక్కేస్తుంది, అంత చలిలో కంప్రెసర్ నడవకూడదు కాబట్టి ఆపేస్తుంది. కింద పడుకుని చెయ్యి పెట్టి ప్లగ్గు నొక్కాను. "టక్" మంది. మీ కారు బయటి ఉష్ణోగ్రత చూపించేదయితే ముందు ఆ అంకెను చూడండి. అరసెకను పని.

ఇంజిన్ వేడి హద్దు దాటినా కంప్యూటర్ ఏసీని ఆపేస్తుంది. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ గొడవ పక్కన పెట్టి ముందు కూలెంట్ సంగతి చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

ఆగితే వేడి, పోతుంటే చలి

వేడిని బయట పారబోయలేకపోతే వచ్చే లక్షణం ఇది. కారు పోతున్నప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో వెంటనే, కొన్నింటిలో ఒక నిమిషం లోపు ముందున్న ఫ్యాను తిరగాలి. రెండు ఫ్యాన్లుండి ఒకటే తిరుగుతుంటే అదీ లోపమే. తిరగకపోతే ఫ్యాను రిలే, ఫ్యూజు, మోటార్, ఈ వరసలో చూడాలి.

ఫ్యాను బాగానే తిరుగుతుంటే కండెన్సర్ మూసుకుపోయిందేమో చూడండి. గ్రిల్ లోంచి టార్చి వేస్తే సన్నని అల్యూమినియం రెక్కల మధ్య పురుగులు, మట్టి కనిపిస్తాయి. అసలు దుమ్ము మాత్రం కంటికి కనిపించని చోట, కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుకులో మందంగా పేరుకుంటుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటి ఉంది. థర్మామీటర్ వెంట్‌లో ఉంచి, ఇంజిన్ ఐడిల్‌లో ఏసీ నడుస్తుండగా, గ్రిల్ ముందు నుంచి తోట గొట్టంతో కండెన్సర్ మీద నీళ్లు మెల్లగా చల్లండి. ఒకటి రెండు నిమిషాల్లో వెంట్ దగ్గర అంకె నాలుగైదు డిగ్రీలు పడిపోతే గ్యాస్, కంప్రెసర్ రెండూ దాదాపు బాగున్నట్టే, లోపం వేడి బయటికి పోకపోవడంలో ఉంది. ఏ మార్పూ రాకపోతే ముందుకు పోవాలి.

కడగాలనుకుంటే ఇంజిన్ ఆపి, చల్లారాక, మామూలు నీళ్ల ధారతో కడగండి. సర్వీసింగ్ దగ్గర వాడే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు తాటాకుల్లా వంగిపోతాయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

చెయ్యి పెట్టి చూడండి

పది నిమిషాలు ఏసీ నడిపాక ఇంజిన్ ఆపి, వెంటనే ఏసీ పైపులు తాకి చూడాలి. డ్యాష్‌బోర్డ్ గోడలోకి రెండు అల్యూమినియం పైపులు దూరుతాయి, ఒకటి సన్నం, ఒకటి లావు. సన్నది వెచ్చగా ఉండాలి. లావుది చల్లగా ఉండి, పైన నీటి బిందువులు కట్టి ఉండాలి, చల్లటి సీసా బయట పెడితే చెమర్చినట్టు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి పోయే గొట్టం మాత్రం చుర్రుమంటుంది, దాన్ని గట్టిగా పట్టుకోకండి.

లావు పైపు చల్లగా చెమర్చి ఉండి, లోపల వెంట్లలో వెచ్చటి గాలి వస్తుంటే గ్యాస్ జోలికి పోనక్కర్లేదు. చల్లదనం కాయిల్ దాకా వచ్చింది, తర్వాత పాడవుతోంది. ఇందాక చెప్పిన హీటర్ తలుపు దగ్గరికి వెళ్లండి. క్లచ్ తిరుగుతున్నా రెండు పైపులూ ఒకేలా, గోరువెచ్చగా ఉంటే గ్యాస్ బాగా తక్కువ, లేదా కంప్రెసర్ నొక్కలేకపోతోంది.

గ్యాస్ ఎక్కడ కారుతోంది

గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా గొట్టాల్లో తిరుగుతుంది. గ్యాస్ కారిన చోట నూనె కూడా చెమర్చి, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. కాబట్టి టార్చి తీసుకుని నల్లటి జిడ్డు మచ్చల కోసం వెతకండి: పైపుల కీళ్లు, కంప్రెసర్ ముందు భాగం, కండెన్సర్ అంచులు, రాయి తగిలిన గుర్తులు. అనుమానమున్న చోట సబ్బు నురగ రాస్తే పెద్ద లీకు బుడగలు వేస్తుంది. గ్యాస్ ఎక్కించే వాల్వ్‌ల మీద ప్లాస్టిక్ మూతలున్నాయో లేదో చూడండి. ఆ మూత దుమ్ము కోసమే అనుకుంటారు. లోపలి పిన్ను కాస్త వదులైతే గ్యాస్‌ను ఆపేది కూడా అదే, దానికి రబ్బరు రింగు ఉన్నది అందుకే.

డబ్బాలో దొరికే గ్యాస్ తెచ్చి ఇంట్లోనే ఎక్కించుకోవచ్చని చెప్పేవాళ్లుంటారు. నేను వద్దంటాను. ఎంత ఉందో తెలియకుండా ఎంత పోయాలో ఎలా తెలుస్తుంది? ఎక్కువైతే కూడా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. లీకు మూసే మందు కలిపిన డబ్బాలు ఇంకా ప్రమాదం. ఆ జిగురు సన్నని వాల్వ్‌లో గడ్డకడితే ఒక లీకు పోయి మూడు పార్టులు పోతాయి. వంటగ్యాస్ లాంటి మండే గ్యాస్ కలిపి ఎక్కించుకోవడం సంగతి చెప్పనక్కర్లేదు, కాయిల్ లీకైతే అది వచ్చేది మీరు కూర్చున్న చోటికే.

వర్క్‌షాప్‌కి వెళ్లాక

పైవన్నీ చూసి కూడా తేలకపోతే గేజ్‌లు ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడ జరిగేది మీకు అర్థమైతే సగం గెలిచినట్టు.

రెండు గేజ్‌లు ఉంటాయి. నీలం తక్కువ ఒత్తిడి వైపు, ఎరుపు ఎక్కువ ఒత్తిడి వైపు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు రెండూ ఒకే అంకె చూపించాలి. ఆర్-134ఏకి 30 డిగ్రీల వేడిలో అది సుమారు 95 నుంచి 100 పీఎస్ఐ ఉంటుంది. ఈ అంకె చూసి "గ్యాస్ ఫుల్‌గా ఉంది" అంటే ఒప్పుకోకండి. వంటగ్యాస్ సిలిండర్‌లో చివరి చుక్క ద్రవం ఉన్నంత వరకు ఒత్తిడి తగ్గదు చూశారా, ఇదీ అంతే. బాగా తక్కువుంటే గ్యాస్ దాదాపు లేదని మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు.

ఏసీ నడుస్తున్నప్పుడు నీలం వైపు సుమారు 30 నుంచి 45, ఎరుపు వైపు ఎండను బట్టి 180 నుంచి 250 దాకా ఉండటం మామూలు. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్ చల్లబడటం లేదు, లేదా లోపల గాలి చేరింది. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ అయి రెండూ దగ్గర దగ్గరగా ఉంటే కంప్రెసర్ అరిగింది. నీలం సున్నా వైపు పోతుంటే ఎక్కడో అడ్డుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌నో డ్రయ్యర్‌నో అనుమానించాలి.

గ్యాస్ తక్కువని తేలితే ముందు లీకు పట్టమని అడగండి. నైట్రోజన్ నింపి ఒత్తిడి పెట్టడం, రంగు మందు కలిపి నీలి లైటుతో వెతకడం, వాసన పట్టే మిషన్, ఏదైనా సరే. "వ్యాక్యూమ్ పెట్టాం, ముల్లు కదల్లేదు, లీకు లేదు" అన్నది పూర్తి రుజువు కాదు. వ్యాక్యూమ్‌లో, అంటే గొట్టాల్లోని గాలంతా లాగేసినప్పుడు, లోపలికీ బయటికీ తేడా 15 పీఎస్ఐ కూడా దాటదు, నడిచేటప్పుడు అదే గొట్టం మీద 200 పైన ఉంటుంది. అప్పుడు మాత్రమే తెరుచుకునే లీకులుంటాయి.

లీకు సరిచేశాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి. లోపలి గాలి, తేమ పోవడానికి అదే దారి. తేమ మిగిలితే వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, నూనెతో కలిసి లోహాన్ని తినేస్తుంది. తర్వాత గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. బానెట్ కింద స్టిక్కర్ మీద ఏ రకం గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. చిన్న కార్లలో 400 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంత కొంచెంలో 50 గ్రాముల తేడా కూడా తెలుస్తుంది, కాబట్టి గేజ్ చూసి ఉజ్జాయింపుగా పోయడం కుదరదు. ఆర్-134ఏ ఉన్న చోట ఆర్-1234వైఎఫ్ కానీ, అటుది ఇటు కానీ కలపకూడదు. ఎలక్ట్రిక్ కంప్రెసర్ ఉన్న కార్లకు నూనె కూడా వేరే. మామూలు నూనె కలిస్తే కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంది.

కంప్రెసర్ లోపల విరిగి పోయిందంటే, దాన్ని మాత్రమే మార్చి పంపించే పనికి ఒప్పుకోకండి. లోహపు పొడి కండెన్సర్ దాకా పాకి ఉంటుంది. గొట్టాలు కడగాలి, డ్రయ్యర్, వాల్వ్ మార్చాలి. ఇప్పటి కండెన్సర్ల దారులు ఎంత సన్నమంటే కడిగినా ఆ పొడి పూర్తిగా రాదు, దాన్నీ మార్చాల్సి వస్తుంది. ఖర్చు ఎక్కువే. చేయించకపోతే కొత్త కంప్రెసర్ ఆ పొడినే మింగి కొన్నాళ్లకే పోతుంది.

పని అయ్యాక బయల్దేరే ముందు థర్మామీటర్ మళ్లీ అదే వెంట్‌లో, అదే పద్ధతిలో పెట్టి చూడండి. ఎన్ని గ్రాములు ఎక్కించారో, ఎంత నూనె వేశారో బిల్లు మీద రాయించుకోండి. నెల తర్వాత ఇంటి దగ్గర ఇంకోసారి కొలవండి. అంకె మూడు నాలుగు డిగ్రీలు పైకి జరిగిందా, లీకు ఇంకా అక్కడే ఉంది, ఆ బిల్లు పట్టుకుని మళ్లీ వెళ్లండి.